పేరు రాయకండి, అయ్యగారూ



అక్టోబరు మొదటి ఆదివారం దగ్గర పడింది. చాలా దేశాల సంఘాలు ఆ రోజును ప్రపంచ సంస్కార ఆదివారంగా ఆచరిస్తాయి. 1933లో, ఆర్థిక మాంద్యంతో జనం అల్లాడుతున్న కాలంలో, అమెరికాలోని పిట్స్‌బర్గులో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం మొదలుపెట్టిన ఆచారమిది. మన దగ్గర కొందరే దీన్ని పాటిస్తారు. మిగతావారికి నెల మొదటి ఆదివారం ఎలాగూ బల్ల ఆదివారమే. ప్రభురాత్రి భోజనమని కొందరం, సంస్కారమని కొందరం, రొట్టె విరుచుట అని కొందరం అంటాం. ఊళ్లలో ఎక్కువమంది ఉత్తగా బల్ల అంటారు. ఏ పేరుతో పిలిచినా, గత ఏడాది కాలంగా ఆ బల్ల చుట్టూ ఒక భయం తిరుగుతోంది. ఈ వారం దాని గురించే రాయాలనుకున్నాం.

"అయ్యగారూ, బల్లలో పాలుపొందుతాను. రిజిస్టరులో మాత్రం నా పేరు రాయకండి."

ఈ మాట మాకు ఎందరో కాపరులు చెప్పారు. అడిగేవారు విశ్వాసంలో చల్లారినవారు కారు. సండేస్కూలులో కంఠత వాక్యాలకు బహుమానాలు తెచ్చుకున్న పిల్లలే. ఒకరు డీఎస్సీకి చదువుతుంటారు, ఒకరికి కొత్తగా ఉద్యోగం వచ్చి ఉంటుంది, ఒకరి తండ్రి రిజర్వుడు స్థానంలో సర్పంచిగా నిలబడాలనుకుంటుంటాడు. కొందరు ఇంకో మాట కూడా అడుగుతున్నారు: ఆరాధన యూట్యూబులో లైవు వస్తుంది గదా, బల్ల సమయంలో కెమెరా ఇటువైపు తిప్పవద్దని. మరికొందరు ఏమీ అడగరు. ప్రసంగం అయ్యాక, బల్ల మీది తెల్లగుడ్డ తీసేలోపు లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. అయ్యగారు రొట్టె ఎత్తి పట్టుకుని చూసేసరికి వెనుక చాపలు ఖాళీగా ఉంటాయి.

వీళ్లకు ఏమని జవాబు చెప్పాలని కాపరులు మమ్మల్ని అడుగుతున్నారు. దానికి ముందు ఈ భయం ఎక్కడ నుండి వచ్చిందో తెలుసుకోవాలి. వాట్సాపులో తిరుగుతున్న మాటల్లో సగం నిజం, సగం అతి.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పుదుచ్చేరిలో గుమాస్తా ఉద్యోగం కోసం ఒక స్త్రీ ఎస్సీ సర్టిఫికెట్ కోరారు. తాను హిందువునని ఆమె వాదన. పసితనంలోనే ఆమెకు బాప్తిస్మము ఇచ్చినట్టు రికార్డు ఉంది. ఆమె క్రమంగా మందిరానికి వెళ్తున్నారని అధికారుల విచారణలో తేలింది. నిజమైన విశ్వాసంతో మతం మారే హక్కు ఎవరికైనా ఉందని ఒప్పుకుంటూనే, క్రీస్తును నమ్ముతూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు తేల్చింది. ఆమెకు సర్టిఫికెట్ రాలేదు.

తరువాత 2025 ఏప్రిల్ నెలాఖరున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు వచ్చింది. కులం పేరుతో దూషించారని ఒక పాస్టరుగారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును హైకోర్టు కొట్టివేసింది. క్రైస్తవుడై, ఏళ్ల తరబడి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఆ చట్టపు రక్షణ వర్తించదని, చేతిలో ఉన్న కుల సర్టిఫికెట్ ఇంకా రద్దు కాకపోయినంత మాత్రాన ఆ రక్షణ నిలవదని చెప్పింది. ఈ తీర్పు మన ఇంటి గుమ్మం ముందే వచ్చింది కాబట్టి ఎక్కువగా కలవరపెట్టింది.

ఈ రెండూ కొత్త చట్టాన్ని తెచ్చిన తీర్పులు కావు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులంగా లెక్కించకూడదని దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. న్యాయమూర్తులు ఉన్న చట్టాన్ని ఉన్నట్టు చదివారు. మన పెద్దలు కొందరు వేదికల మీద న్యాయస్థానాలనే దూషిస్తున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, అది క్రైస్తవ సాక్ష్యమూ కాదు. అడగవలసింది మూడో పేరా గురించి, అడగవలసిన చోటు పార్లమెంటు.

అయితే మారినది ఒకటుంది. ఇదివరకు బాప్తిస్మపు రిజిస్టరు బీరువాలో ఉండే పుస్తకం. ఇప్పుడది సాక్ష్యపు పత్రం అయింది. ఎవరు మందిరానికి వస్తున్నారు, ఎవరి మీద నీళ్లు పోశారు, ఎవరు రొట్టె తీసుకున్నారు అన్నది తహసీల్దారు విచారణకు పనికొచ్చే సమాచారమైంది. ప్రభువు తన్ను జ్ఞాపకం చేసుకోవడానికి ఇచ్చిన భోజనం, ఒక బీద కుటుంబం మీద ఇంకెవరో జ్ఞాపకం పెట్టుకునే ఆనవాలుగా మారింది.

చాలా సంఘాల్లో ఎవరూ గమనించని సంగతి ఇంకొకటుంది. ఒక పెద్ద పట్టణ సంఘాన్ని తలచుకోండి. బల్ల దగ్గర నలుగురు మోకాళ్ల మీద ఉన్నారు. ఒకరు ఓసీ కుటుంబం నుండి క్రీస్తును నమ్మినవారు. రెండోవారు అరకు నుండి వచ్చి హాస్టలులో చదువుకుంటున్న గిరిజన విద్యార్థి. మూడోవారు బీసీ. నాలుగోవారు మాల లేక మాదిగ కుటుంబపు బిడ్డ. ఓసీ సోదరుడికి రొట్టె తీసుకున్నందువల్ల ప్రభుత్వ లెక్కలో పోయేదేమీ లేదు. గిరిజన విద్యార్థికీ అంతే, ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. బీసీల్లో చాలామంది పరిస్థితీ అదే. నాలుగో బిడ్డకు మాత్రం అదే రొట్టె ముక్కతో సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం, పోటీచేసే హక్కు, దూషించినవాడి మీద కేసు పెట్టే హక్కు అన్నీ జారిపోతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ నుండి క్రైస్తవులైనవారికి చట్టం చూపించే దారి బీసీ–సీ. పదిహేను శాతం వాటాలో ఉన్నవారు ఒక్క శాతం వాటాలోకి వెళ్లాలి.

ఒకే రొట్టె, ఒకే గిన్నె. చెల్లించే ఖరీదు మాత్రం అందరిలోకి బీదవాడికే ఎక్కువ.

ఈ మాట రాస్తుంటే కొరింథు సంఘమే కళ్ల ముందు మెదులుతోంది. పౌలు మొదటి పత్రిక 11వ అధ్యాయంలో బల్ల గురించి చెప్పిన మాటలను మనం ప్రతి నెలా చదువుతాం, కాని సాధారణంగా 23వ వచనం నుండి మొదలుపెడతాం. దానికి ముందున్న గద్దింపును వదిలేస్తాం. కొరింథులో జరిగింది ఏమిటంటే, తీరిక ఉన్న కలిమిగలవారు ముందుగా వచ్చి, తాము తెచ్చుకున్నది తాము తినేవారు. దాసులు, కూలివారు యజమాని పని ముగించుకుని వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. ఒకరికి కడుపు నిండి మత్తు, ఇంకొకరికి ఆకలి. పేరుకు అది ప్రభువు బల్లే. అది ప్రభువు భోజనం కానే కాదని పౌలు తెగేసి చెప్పాడు. అయోగ్యంగా పాలుపొందడం, శరీరమని వివేచించకపోవడం అన్న భయంకరమైన మాటలు ఈ సందర్భంలోనే వచ్చాయి. మనం ఆ మాటలను సిగరెట్టు తాగే యువకుడి మీద, సినిమాకు వెళ్లిన పిల్ల మీద ప్రయోగించడానికి అలవాటుపడ్డాం. పౌలు వాటిని రాసింది ఆలస్యంగా వచ్చిన కూలివాడికి ఏమీ మిగల్చని విశ్వాసుల మీద. చివరికి ఆయన ఇచ్చిన మందు కూడా చాలా చిన్నది: ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి.

వరినాట్ల కాలంలో డెల్టా గ్రామాల మందిరాల్లో ఇది ఇప్పటికీ చూడవచ్చు. ముఠాకు ఆదివారం సెలవుండదు. అలాంటి ఒక ఊళ్లో మేము వాక్యం చెప్పడానికి వెళ్లినప్పుడు ప్రసంగం అయింది, పాట అయింది, గుడ్డ తీయబోతుంటే సంఘపెద్ద లేచి, "ఇంకో పది నిమిషాలు చూద్దాం అయ్యగారూ, నాట్లకు పోయినోళ్లు గట్టు దాటి వస్తా ఉన్నారు" అన్నాడు. పది నిమిషాలు ముప్పావుగంట అయింది. కాళ్లకు బురద ఆరకుండానే వాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆ రోజు మేము చెప్పిన ప్రసంగం ఏమిటో మాకిప్పుడు గుర్తు లేదు.

రొట్టె కోసం మతం మారారన్న నింద మన సంఘానికి పాతదే. ఒంగోలు చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ కరవు పని నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరవు తీరాక తలుపు తెరిస్తే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ రోజు వారు పొందబోయే లాభం ఏమీ లేదు, కాలువ పని అయిపోయింది. వారి మునిమనుమలు ఈనాడు క్రీస్తును నమ్మితే పొందేది లేకపోగా, ఉన్నది పోతుంది. అయినా నింద మాత్రం అదే: ఏదో లాభానికే చేస్తున్నారు. క్రైస్తవుడైతే లాభం కోసం అయ్యాడంటారు, హిందువునని రాయించుకుంటే లాభం కోసం రాయించుకున్నాడంటారు. పేదవాడు ఎటు నిలబడినా అతని మనస్సాక్షికి వెలకట్టే చూస్తారు.

క్లౌ జీవితంలో దీనికి పదేళ్ల ముందు జరిగినదాన్ని కూడా చెప్పుకోవాలి. ఒంగోలుకు వచ్చిన కొత్తలో పైకులాల వారు కొందరు ఆయన బోధకు ఆకర్షితులయ్యారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏమి చేయాలో తోచక ఆయన ఒక గదిలో, భార్య ఇంకొక గదిలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కనబడింది ఒకే భాగం: లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని కొరింథీయులకు రాసిన మొదటి అధ్యాయం. మాదిగలను చేర్చుకున్నారు, పైకులాల వారు వెళ్లిపోయారు. తెలుగు సంఘం ఈ సంగతిని గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. కాని మొత్తం చరిత్ర అంత తెల్లగా లేదు. తమిళ దేశంలో తంజావూరు, మద్రాసు సంఘాల్లో వందేళ్లకు పైగా వేరువేరు చాపలు, బల్ల దగ్గరికి వేరువేరు వంతులు, ఒకప్పుడు వేరువేరు గిన్నెలు నడిచాయి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ కుల భేదాన్ని వెంటనే, పూర్తిగా విడిచిపెట్టాలని లేఖ రాస్తే, విడిచిపెట్టడానికి ఇష్టంలేని విశ్వాసులు అనేకులు సంఘాన్నే విడిచిపెట్టారు. మన ఊళ్ల టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతిని ఖండిస్తూ ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఆ రెండో గ్లాసు ఒకప్పుడు బలిపీఠం మీద కూడా ఉందని మన వేదాంత కళాశాలల్లో సైతం ఎక్కువగా చెప్పరు.

ఇక్కడే మేము అసలు చెప్పదలచుకున్న మాట ఉంది.

1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు ఇచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడాయన. చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తుంటే, క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. కోర్టు ఏమన్నదంటే, మతం మారాక కులం పేరు అలాగే ఉందని చూపిస్తే సరిపోదు, ఆ కులంవల్ల కలిగే కష్టాలు కొత్త మత వాతావరణంలో కూడా అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని రుజువు చేయాలి అన్నది. అప్పటి నుండి నలభై ఏళ్లుగా మన పెద్దలు ఆ రుజువులు పోగుచేస్తూనే ఉన్నారు. 2004 నుండి సుప్రీంకోర్టులో ఈ విషయం మీద పిటిషన్లు ఉన్నాయి. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాలో చేర్చాలని తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను నియమించింది. రెండేళ్ల గడువును ఒక ఏడాది పొడిగించింది, ఆ పొడిగింపు 2025 అక్టోబరు వరకు.

ఆ కమిషన్ల ముందు మన వాదన ఏమిటి? క్రైస్తవ్యంలో కూడా కులం ఉంది అని. సాక్ష్యాలు ఏమిటి? ఒకే ఊళ్లో, ఒకే ప్రభువు పేరున, మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు. కొన్నిచోట్ల సమాధుల దొడ్డిలో కూడా గీత. డయాసిస్, సినడ్ ఎన్నికలు వచ్చినప్పుడు వాక్యం పక్కనపెట్టి కులం లెక్కలు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చాక, ఒకే ఆరాధనకు వచ్చే కుటుంబాల మధ్య కూడా మాటలు తగ్గాయని కాపరులు చెబుతున్నారు. అనుకూలించినవారు ఒకవైపు, వ్యతిరేకించినవారు ఒకవైపు కూర్చుంటున్నారట. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. అది న్యాయమైన చర్చే. బల్ల దగ్గర కూడా వర్గీకరించుకోవాలా?

కోర్టులో మనం ఏ వాక్యం చెబుతున్నామో, బల్ల దగ్గర ఒప్పుకోవలసిన పాపం కూడా అదే వాక్యం. "మా సంఘంలో కులం ఉంది." న్యాయవాది నోట అది వాదన. మన నోట అది పశ్చాత్తాపం కావాలి. నలభై ఏళ్లుగా మనం మొదటిదాన్ని టైపు చేయించి సమర్పిస్తున్నాం. రెండోదాన్ని సంస్కారపు ఆరాధనలో ఒప్పుకోలు ప్రార్థన దగ్గర ఏ సంఘంలోనైనా ఎత్తగా విన్నామా అని ఆలోచిస్తే, మాకు గుర్తు రావడం లేదు. కొందరు దీనికి ఎదురు చెబుతారు: కులం పోయిందని మనమే చాటితే కేసు బలహీనపడదా అని. పోయిందని ఎవరు చాటమన్నారు? పోలేదనే ఒప్పుకోమంటున్నాం. ఉన్నదాన్ని ఒప్పుకున్న సంఘం న్యాయం అడిగితే దానికి బరువు ఉంటుంది. పైగా మందిరం లోపల మనం రేపే మారినా, మందిరం బయట ఊరు మారదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చంపడానికి వచ్చినవాళ్లు బాప్తిస్మపు సర్టిఫికెట్ అడగలేదు.

ఇతరులను అనే ముందు మా సంగతి. ఈ పత్రిక చివరి పేజీలో వివాహ ప్రకటనలు వస్తాయి. వెబ్‌సైటులోనూ ఉంటాయి. "మాల క్రిస్టియన్ వధువు కావలెను", "మాదిగ, ప్రార్థనాపరుడు, సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి", "రెడ్డి క్రిస్టియన్, రక్షణ పొందినవారికి ప్రాధాన్యం". మేమే అచ్చువేశాం, ఏళ్ల తరబడి. సంపాదకీయంలో కులం తప్పని రాసి, చివరి పేజీలో దానికి సెంటీమీటరుకు ఇంత అని డబ్బు తీసుకున్నాం. ఆ ప్రకటనలే కాగితం ఖర్చులో చెప్పుకోదగ్గ భాగాన్ని మోస్తున్నాయి కనుక ఈ విషయం మా సమావేశాల్లో రెండుసార్లు చర్చకు వచ్చి రెండుసార్లూ వాయిదా పడింది. మూడోసారి నిర్ణయించాం. ఆగమన కాలపు మొదటి ఆదివారం నుండి కులం పేరు ఉన్న వివాహ ప్రకటనను మేము తీసుకోము. చందాదారులు కొందరు తగ్గుతారని తెలుసు. పేజీలు తగ్గితే క్షమించాలి.

ఇప్పుడు కాపరుల ప్రశ్నకు వద్దాం. పేరు రాయవద్దన్న బిడ్డకు ఏమని చెప్పాలి?

పిరికివాళ్లు, యూదాలు అని మైకులో గద్దించే ప్రసంగాలు కొన్ని మేము విన్నాం. గద్దించినవారిలో ఎక్కువమంది, రొట్టె తీసుకున్నందుకు ఏమీ పోగొట్టుకోనవసరం లేనివారు. ఆ రాత్రి మేడగదిలో ఎవరున్నారో మరోసారి చూడండి. యేసు రొట్టె విరిచి ఇచ్చిన పన్నెండుమందిలో ఒకడు బయటికి వెళ్లి అప్పగించాడు. మిగతావారు గెత్సెమనే తోటలో చెదరిపోయారు. అందరికంటె ముందు బల్లగుద్ది ప్రమాణం చేసిన పేతురు, కోడి కూసేలోపు చలిమంట దగ్గర ఒక పనిపిల్ల ప్రశ్నకు జడిసి, ఆయనను ఎరుగనన్నాడు. ఆ ప్రశ్న కూడా ఒక రకమైన విచారణే: నువ్వు అతనితో ఉన్నవాడివే గదా? ఇదంతా జరగబోతుందని ప్రభువుకు తెలుసు. పేతురుతో ముందే చెప్పాడు కూడా. తెలిసీ రొట్టెను వెనక్కి తీసుకోలేదు. ఆ బల్లను మొదట ధైర్యవంతుల కోసం వేయలేదు. తెల్లవారేలోపు భయపడిపోబోయేవారి కోసం, వారు భయపడకముందే వేశాడు. కష్టకాలంలో ఈ బల్ల అర్థం మాకు ఇక్కడే దొరుకుతోంది. మనం ఎంత గట్టిగా నిలబడ్డామో లెక్క చూసి ఇచ్చేది కాదది.

అలాగని పేతురు అన్న మాట నిజం అయిపోదు. అతడు వెళ్లి సంతాపపడి ఏడ్చాడు. గలిలయ సముద్రపు ఒడ్డున మళ్లీ ఒక నిప్పుల మంట దగ్గర, రొట్టె, చేపలు ముందు పెట్టుకుని, ప్రభువే అతనిని మూడుసార్లు అడిగి నిలబెట్టాడు. కాబట్టి అబద్ధపు అఫిడవిట్టు తప్పేమీ కాదని మేము ఎవరికీ చెప్పలేము. చట్టం ముందూ అది నిలవదు, ఉద్యోగం వచ్చిన పదేళ్లకు ఎవరో ఒక అర్జీ పెడితే ఇల్లు కూలుతుంది. బాప్తిస్మపు రిజిస్టరులో పేజీలు చించడం, తేదీలు దిద్దడం, మారుపేర్లు రాయడం అసలు చేయవద్దు. అధికారి అడిగితే కాపరి నిజమే చెప్పాలి, ఆ సంగతి పిల్లలకు ముందే తెలియాలి. కాని రిజిస్టరు సంతకం బల్లకు టిక్కెట్టు కాదు. బాప్తిస్మము పొందిన బిడ్డ ఈ సంవత్సరపు సభ్యత్వపు పుస్తకంలో పేరు లేదన్న కారణంగా రొట్టె లేకుండా తిరిగి వెళ్లకూడదు. కెమెరా సంగతికి ఇంత చర్చే అక్కరలేదు. బల్ల సమయంలో లైవు ఆపివేయండి. 2020కి ముందు ఎవరం చూపించాం?

ఇంకో సంగతి. ధైర్యం చేసి బీసీ–సీ సర్టిఫికెట్ తీసుకుని, చేతికి అందిన సీటు వదులుకున్న పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రావు, మహాసభల్లో వేదిక మీదికి పిలవరు. సంఘం వాళ్లను చూసి "దేవుడు చూసుకుంటాడు" అంటుంది. దేవుడు చూసుకోవడానికి పెట్టిన చేతులు మనవే గదా. బల్ల ఆదివారం ఎత్తే కానుక బీదల కోసమని చాలా సంఘాల్లో పాత నియమం ఉంది. ఇప్పుడది చాలాచోట్ల సౌండు సిస్టం వాయిదాలకు పోతోంది. ఆ ఒక్క కానుకను నిజం చెప్పి నష్టపోయిన పిల్లల కోచింగు ఫీజుకు, హాస్టలు ఖర్చుకు మళ్లించమని సంఘ కమిటీలను అడుగుతున్నాం. ఖరీదు ఒక్క ఇంటి మీద పడుతున్నప్పుడు మిగిలిన ఇళ్లు దాన్ని పంచుకోకపోతే, కొరింథువాళ్ల గిన్నెలనే మనం నింపుకుంటున్నట్టు. ముఖ్యంగా ఓసీ నేపథ్యం నుండి వచ్చిన విశ్వాసులు, రొట్టె తీసుకున్నందుకు ఏమీ పోనివారు, ఇందులో ముందుండాలి.

ఈ మొదటి ఆదివారం ఒకవేళ ఆ బిడ్డ మళ్లీ గుమ్మం దగ్గర ఆగి, పేరు రాయకండి అయ్యగారూ అంటే, రిజిస్టరు మూసి, ముందు రొట్టె ఇవ్వండి. ఆ వారంలోనే ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి, చట్టం ఏమంటుందో, ఏది పోతుందో, ఏ దారి మిగిలి ఉందో దాచకుండా చెప్పండి. సంఘంలో న్యాయవాది ఉంటే వెంట తీసుకెళ్లండి. నిర్ణయం వాళ్లది. ఏది నిర్ణయించుకున్నా, నవంబరు మొదటి ఆదివారం గుడ్డ తీసే ముందు ఒకసారి గుమ్మంవైపు చూడండి. రాకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి.